సెలవు అడగని వాళ్ళు

ఆరోగ్య సిబ్బందికి వైద్యం చేయడమంత కష్టం ఇంకోటి లేదు. మునగాల చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, కోదాడ, సూర్యాపేటల నుంచి నర్సులు, ఏఎన్ఎంలు, ఆశాలు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. రోగులుగా మాత్రం దాదాపు రారు. అత్తగారి షుగర్ కాగితాలు చూపించడానికో, పిల్లవాడి దగ్గుకో వస్తారు. అంతా అయ్యాక గుమ్మం దగ్గర ఆగి, "సార్, నిద్రకేమన్నా గోలీ రాస్తరా?" అంటారు. అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది.

2021 మేలో అలాగే ఆగిన ఒక ఆశా కార్యకర్తను వెనక్కి పిలిచి కూర్చోబెట్టాను. ఇంటింటి జ్వర సర్వే జోరుగా సాగుతున్న రోజులవి. బీపీ చూస్తే 180/110.

"గోలీలు వేసుకుంటున్నావా అమ్మా?"

"అయిపోయినయి సార్. తెచ్చుకునే టైం దొరకలే."

ఊరంతా తిరిగి మందుల కిట్లు పంచుతున్న మనిషి! గట్టిగానే కోప్పడ్డాను. జ్వరం గోలీలా తగ్గాక మానేసేది కాదమ్మా ఇది, మానేస్తే నీకు తెలియకుండానే బీపీ పెరుగుతుంది, ఒకరోజు పక్షవాతమై పడేస్తుంది అన్నాను. ఆమె తలొంచుకుని విన్నది. తర్వాత నెమ్మదిగా అన్నది: "నేను కిట్టు ఇచ్చొచ్చిన ఇంట్లనే పెద్దాయన పోయిండు సార్. ఇప్పుడు ఎవరు పోయిండ్రన్నా నాకు ఏడుపొస్తలేదు. నేనిట్ల ఎందుకైన?"

బీపీకి మందు రాశాను. నిద్ర మాత్ర రాయలేదు. ఆమె అడిగినదానికి జవాబు చీటీ మీద రాసేది కాదు.

బర్నౌట్ అనే ఈ స్థితిని కొలిచే ప్రశ్నావళిని క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లోనే ప్రచురించారు. అందులో చూసేవి మూడు: ఒంట్లో, మనసులో సత్తువ ఇంకిపోవడం, ఎదుటి మనిషి బాధ తనకు అంటకపోవడం, నేను చేసేదానివల్ల ఏం లాభంలే అనిపించడం. రాతిగుండె మనుషులకు వచ్చేది కాదు ఇది. ప్రతి ఇంటి కష్టాన్నీ తన కష్టం అనుకున్నవాళ్ళకే ముందు వస్తుంది. ఆ తల్లికి ఇదే చెప్పాను. నువ్వు చెడిపోలేదు, అలిసిపోయావు అన్నాను.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా లెక్కించలేదు. పనిచేసే చోట అదుపు చేయకుండా వదిలేసిన దీర్ఘకాల ఒత్తిడి ఫలితమని రాసింది. అంటే మూలం ఉద్యోగంలో ఉంది. మనమేమో మనిషిలో వెతుకుతాం. గుండె గట్టి చేసుకో, యోగా చెయ్యి అంటాం. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

2020 ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ చుట్టూ కేసులు బయటపడ్డప్పుడు అందరిలో భయం ఉండేది, ఒంట్లో ఓపికా ఉండేది. రెండో వేవ్ నాటికి భయం అలవాటైపోయింది, ఓపిక అయిపోయింది. 2021 మేలోనే కోదాడ దాటాక రామాపురం క్రాస్‌రోడ్డు చెక్‌పోస్టులో ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులను ఆపారు. చివరికి ఆ ప్రభుత్వ ఉత్తర్వును హైకోర్టు నిలిపేయాల్సి వచ్చింది. ఆగిన బండిలో ఆక్సిజన్ సిలిండర్ ముల్లు దిగిపోతుంటే రోగి పక్కన కూర్చున్న సిబ్బంది సంగతి తలుచుకోండి. పని ఎక్కువైతే ఒళ్ళు అలుస్తుంది, నిద్రపోతే తేరుకుంటుంది. ఏం చేయాలో తెలిసి కూడా చేయనివ్వకపోతే ఆ దెబ్బ నిద్రతో పోదు.

అదే కాలంలో కోవిడ్ వార్డులో పనిచేసిన ఒక స్టాఫ్ నర్సు మూత్రంలో మంటతో వచ్చింది. పీపీఈ కిట్టు విప్పడం కుదరదని గంటల తరబడి నీళ్ళు తాగకుండా ఉండేదట. మందులతో, నీళ్ళతో వారంలో తగ్గింది. మనసెలా ఉందమ్మా అని అడిగితే, "కష్టమే సార్, కానీ పొద్దున్నే డ్యూటీకి పోవాలనిపించేది" అన్నది. కారణం వాళ్ళ హెడ్ సిస్టర్. రాత్రి డ్యూటీ చేసినవాళ్ళను మర్నాడు పిలవనిచ్చేది కాదు. బెడ్ లేదని బంధువులకు చెప్పే పని జూనియర్ నర్సుల మీద వేయకుండా తానే చెప్పేది. ఎవరైనా చనిపోతే ఆ డ్యూటీలో ఉన్న పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగించేది. బడ్జెట్ అక్కర్లేని పనులివి.

జనతా కర్ఫ్యూ నాడు మనం చప్పట్లు కొట్టాం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశాలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. నాకు కళ్ళు చెమర్చాయి. అయితే ఆశాకు నేటికీ స్థిరమైన జీతం లేదు, పనిని బట్టి పారితోషికమే. సెలవు పెడితే డబ్బు పోతుందన్న భయంతో అడగదు. నర్సు అడగకపోవడానికి కారణం వేరు: తను రాకపోతే ఆ భారం పక్క బెడ్ల నర్సు మీద పడుతుందని. ఒంటిని పట్టించుకోనందుకు ఇద్దరినీ ఇకపై కూడా తిడతాను, కానీ అడగనిది వాళ్ళ తప్పని మాత్రం అనను.

మనుషులే తక్కువుంటే సెలవెలా ఇస్తామని అధికారులు నన్నడుగుతారు. ఖాళీలు నింపండి. అందాకా రాత్రి డ్యూటీ తర్వాతి సెలవును రిజిస్టర్లోనే కాదు, నిజంగా ఇవ్వండి. నెలవారీ మీటింగులో సర్వే లెక్కలు అడిగే ముందు అదే బల్ల మీద బీపీ మిషను పెట్టి, వచ్చిన ఆశాలందరికీ చూడండి. గోలీలు అయిపోయినవాళ్ళకు అక్కడే ఇచ్చి పంపండి.