స్టీలే అన్నడు గదా!

భోగికి ముందు రోజు ఇల్లంతా కడగడం అయిపోయాక, మిగిలిన సబ్బు నీళ్లతో కారు కూడా కడిగేద్దామని కూర్చున్నాను. వెనక బంపర్ కింద తుడుస్తుంటే పాత చీర ముక్కకు ఎర్రటి మరక అంటింది. మట్టే అనుకుని మళ్లీ తుడిచాను. మళ్లీ అదే రంగు. వంగి చూస్తే సైలెన్సర్ డబ్బా అతుకుల వెంబడి, పైపు వచ్చి డబ్బాలో కలిసే చోటా గోధుమ రంగు చారలు. వేయించి నాలుగు నెలలు కూడా నిండని కొత్త సైలెన్సర్ అది!

"ఇగో, ఒకసారి ఇటు రారి. కారుకు తుప్పు పట్టింది" అని పిలిచాను.

మా ఆయన వచ్చి, చూసి, నడుం మీద చేతులు పెట్టుకున్నారు. "స్టీలే అన్నడు గదా! దసరా పోయినంక గట్టి వాన కూడ పడలే. తుప్పు ఎట్ల పడ్తది?"

అరుగు మీద బియ్యం ఏరుతున్న మా అత్తమ్మ తలెత్తకుండానే, "ఇనుమన్నంక జంగు పట్టదా బిడ్డా" అంది.

మామూలుగా అయితే కారు సంగతి ఆయనది, నాకెందుకు అని ఊరుకునేదాన్నే. కానీ ఆ మరక చూడగానే నా గుండె దడదడలాడింది. ఎందుకో చెప్తాను.

2024 సెప్టెంబరు మొదట్లో పడ్డ వానలు మీకు గుర్తుండే ఉంటాయి. మా కేసముద్రానికీ ఇంటికన్నెకూ మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. మా దారిన పోయే రైళ్లన్నీ ఆగిపోయాయి. మా అమ్మాయి హనుమకొండ హాస్టల్లో ఉంది. రోడ్లు తేరుకున్నాక కారులోనే వెళ్లి దాన్ని తీసుకొచ్చాం. వాన ఇంకా పడుతూనే ఉంది. అద్దాలన్నీ మూసుకున్నాం. కారేమో ట్రాక్టరులా చప్పుడు చేస్తోంది. సగం దారిలో పిల్ల తలనొప్పి అంది. కాసేపటికి కడుపులో తిప్పుతోంది అంది. ఆకలికేమో అని బిస్కెట్ ఇచ్చాను. వద్దని అద్దం దించుకుని మొహం బయటికి పెట్టింది. వాన మొహాన కొడుతున్నా లోపలికి రాలేదు. ఇల్లు చేరేసరికి తేరుకుంది.

మర్నాడు మెకానిక్ కారును పైకెత్తి చూపించాడు. సీటు కింద పోయే పైపుకు వేలు దూరేంత బొక్క. "అక్కా, అద్దాలు మూసుకుని ఇట్ల తిరగొద్దు. పొగ లోపలికొస్తది. అండ్ల కార్బన్ మోనాక్సైడ్ ఉంటది. దానికి వాసనుండదు, రంగుండదు. ముందుగాల తలనొప్పి, ఆయింత మగత, ఎక్కువైతే పాణానికే మోసం" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ చప్పుడు మేం రెండు నెలల నుంచీ వింటున్నదే. పంట డబ్బులు రానీ, దసరా పోనీ అని వాయిదా వేస్తూ వచ్చాం.

అప్పుడు వరంగల్లో ఒక దుకాణంలో పైపుతో సహా మొత్తం మార్పించాం. కారు కంపెనీది ధర ఎక్కువని బయటిది తీసుకున్నాం. బేరమాడి మూడు వేల ఎనిమిది వందలకు తెగింది. "స్టీలు సైలెన్సర్ సార్" అన్నాడతను. వెండి గిన్నెలా మెరిసిపోతోంది. మేం సంతోషంగా ఇంటికొచ్చాం.

మళ్లీ తుప్పు దగ్గరికి వద్దాం. మా ఆయన పండుగ వెళ్లగానే ఇనుప తీగల బ్రష్ తెచ్చి కసిగా తోమేశారు. తళతళలాడించారు. వారం తిరిగేసరికి చారలు ఉన్న చోటే కాదు, బ్రష్ తగిలిన చోటల్లా తుప్పు పరుచుకుంది. దానికి కారణం మెకానిక్ చెప్పాక నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది. ఎందుకంటే అది మన వంటింటి పాఠమే. మన అమ్మల కాలంలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించేవాళ్లు గుర్తుందా? కళాయి పోయిన గిన్నెలో పులుసు కాస్తే చిలుమెక్కేది. ఈ సైలెన్సర్ కూడా అంతే. లోపల మామూలు ఇనుప రేకు, పైన అల్యూమినియం పూత. అతుకు వేసేటప్పుడు ఆ వేడికి అతుకు దగ్గర పూత కాలిపోతుంది. అందుకే తుప్పు ముందు అతుకుల దగ్గరే మొదలవుతుంది. మిగిలిన చోట ఉన్న పూతను మేమే గీకేశాం!

మా ఆయన దుకాణానికి ఫోన్ చేసి గట్టిగానే అడిగారు. అవతలి మనిషి నిదానంగా, "స్టీలే అన్న గానీ సార్, స్టెయిన్‌లెస్ అని నేను అనలే" అన్నాడట. ఫోన్ పెట్టేసి నా వంక చూశారు. నేను బీఏ తెలుగు చదివిన దాన్ని. మాటల దగ్గర ఇంత మోసపోయానేంటని సిగ్గేసింది. స్టీలంటే ఉక్కు. ఉక్కుకు తుప్పు పడుతుంది, కత్తిపీటకు పట్టినట్టే. మనమేమో వంటింటి గిన్నెలను 'స్టీలు గిన్నెలు' అని పిలిచి పిలిచి, స్టీలంటేనే తుప్పు పట్టనిది అనుకుంటున్నాం. బిల్లు తీసి చూశాను. దాని మీద 'సైలెన్సర్ సెట్' అని తప్ప ఏ లోహమో రాసి లేదు. అతను అబద్ధం ఆడలేదు. మేం అడగలేదు, అంతే.

ఇప్పుడైతే అడగడం నేర్చుకున్నాను. మంచి గిన్నెల మీద 304 అని ముద్ర ఉంటుంది చూశారా, ఆ రకంలో నూటికి 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్ ఉంటాయి. సైలెన్సర్లలో 409 అనే రకం ఎక్కువగా వాడతారు. అందులో క్రోమియం 11 పాళ్ల దాకా ఉంటుంది. దానికి పైపైన గోధుమ రంగు వచ్చినా, త్వరగా బొక్క పడదు. ఫ్రిజ్ మీది అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందనుకున్నాను గానీ, 409కి కూడా అయస్కాంతం అంటుకుంటుందట. కాబట్టి లోహం పేరు బిల్లు మీద రాయించుకోవడమే దారి.

మరి వాన లేకుండా నీళ్లెక్కడివి? ఇది విని మీరూ నాలాగే నోరు తెరుస్తారు. ఒక లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు ఒక లీటరు నీళ్లు పుడతాయట! ఆవిరిగా పైపులోంచి పోతాయి. చలికాలం పొద్దున్నే సైలెన్సర్ నుంచి చుక్కలు పడేది అందుకే. దూరం నడిస్తే డబ్బా బాగా వేడెక్కి ఆ తడి ఆరిపోతుంది. దగ్గర దగ్గరే తిరిగితే నీళ్లు లోపలే నిలుస్తాయి, పొగలోని ఆమ్లాలు వాటిలో కలుస్తాయి, లోపలి నుంచే తినేస్తాయి.

"బావా రోజు ఎంత దూరం తిరుగుతవ్?" అని మెకానిక్ అడిగితే ఈయన మాట్లాడలేదు. కాలు విరిగినప్పటి నుంచి బండి నడపడం మానేసి, ఇంటి నుంచి మార్కెట్ యార్డుకు, యార్డు నుంచి ఇంటికి కారులోనే వెళ్తారు. రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. నాలుగు నెలల్లో ఆ కారు ఊరు దాటింది రెండుసార్లు.

తర్వాత ఇద్దరం కలిసి పద్ధతిగా బాగుచేశాం. ఇంజను పూర్తిగా చల్లారాక ఎమిరీ పేపరుతో తుప్పు ఉన్నంత మేరే మెల్లగా రుద్దాం. స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూశాం. గట్టిగా మోగితే పైపైన పట్టిన తుప్పే, మెత్తగా దిగబడితే రేకు పోయినట్టే. మాది మోగింది. థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరు వందల డిగ్రీల వేడికి తట్టుకునే సిల్వర్ పెయింటు రెండు పల్చటి పూతలు వేశాం. మామూలు పెయింటు అయితే కాలి రాలిపోతుంది. డబ్బా అడుగున నీళ్లు కారడానికి సన్నని బెజ్జం ఉంటుంది, దాన్ని మూయొద్దని మెకానిక్ ముందే చెప్పాడు. పూత ఆరాక, షెడ్డులో కాకుండా బయట ఆరుబయట ఇంజను ఆన్ చేసి వేడి చేశాం. ఇది ఎల్లకాలం ఆగదని తెలుసు. రెండు మూడేళ్లు ఆగితే చాలు. నెలకోసారి కింద వంగి చూడటం ఇప్పుడు నా పని. చప్పుడు మారితే వాయిదాలు లేవు, ముందు అద్దాలు దించడం, ఆ తర్వాత మెకానిక్ దగ్గరికే.

ఇంకొకటి కూడా మారింది. వారానికి ఒక్కసారైనా అరగంట ఆగకుండా నడపమన్నాడు కదా, ఎక్కడికి పోదామని ఈయన అడిగారు. మా అమ్మ మానుకోటలో ఒక్కతే ఉంటుంది. పెద్ద దూరమేమీ కాదు. అయినా పెళ్లయి ఇరవై రెండేళ్లలో పండుగకో పబ్బానికో తప్ప వెళ్లలేదు. 'పనులు కానీ, పోదాం' అన్న వాయిదాలే. నేనేమీ అనకముందే ఈయనే, "అత్తమ్మ దగ్గరికి పోదాం పా" అన్నారు.

ఇప్పటికి ఐదు ఆదివారాలు వెళ్లాం. మొన్న అమ్మ చాయ్ గ్లాసు చేతికిస్తూ, "నిజం చెప్పు బిడ్డా, నా కోసమొస్తున్రా, ఆ సైలెన్సర్ కోసమా?" అని అడిగింది.

"ఇద్దరి కోసం" అన్నాను.