రాకెట్స్ ఇంటికి పెద్దలొచ్చారు

మూడేళ్లపాటు హ్యూస్టన్ రాకెట్స్ బాస్కెట్‌బాల్ చూడాలంటే కలేజా ఉండాల్సి వచ్చింది. మొదటి సీజన్లో 17 గెలుపులు, 55 ఓటములు. మరుసటి ఏడు 20, 62. ఆ పైయేడు 22, 60. 2021లోనైతే ఒక దఫా వరసగా 20 మ్యాచులు పోగొట్టుకున్నారు. అక్కడ రాత్రి ఏడింటి ఆట మనకు తెల్లారి ఐదున్నరకో ఆరున్నరకో వస్తుంది. ఫజర్ నమాజు చదివి చాయ్ గ్లాసుతో కూర్చుంటే, చాయ్ చల్లారేలోపే ఆట చేజారిపోయేది. "ఓడేటోళ్లను చూసుటానికి నీంద్ ఎందుకు ఖరాబ్ చేసుకుంటవ్ బేటా?" అని అమ్మీ అడిగేది. జవాబు లేక నవ్వేవాణ్ని.

అసలు జవాబు హకీమ్ ఒలజువాన్. నైజీరియాలోని లాగోస్ నుంచి వెళ్లి 1994, 1995లో ఆ టీముకు వరసగా రెండు టైటిళ్లు తెచ్చినవాడు. 1995లో రంజాన్ ఫిబ్రవరిలో వస్తే, రోజాలుంటూనే ఆడి, ఆ నెల లీగ్‌లో ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. హ్యూస్టన్ నడిబొడ్డున ఒక పాత బ్యాంకు భవనం కొని, దాన్ని ఇస్లామిక్ దావా సెంటర్‌గా మార్చాడు. అక్కడే ఉద్యోగం చేసే మా భాంజా ఒక జుమా రోజు ఆ భవనం ఫోటో పంపాడు. అట్లా మామూ, భాంజా ఇద్దరం ఈ టీము మనుషులమయ్యాం.

2021 జనవరిలో జేమ్స్ హార్డెన్ పట్టుబట్టి వెళ్లిపోయాక ఇల్లు కూలింది. ఆటగాళ్లు ఓడాలని ఎవరూ ఆడరు, ఆ మాట అంటే గునా. కానీ పైన ఆఫీసులో హిసాబ్ వేరే ఉంటుంది. ఎంత కింద ఉంటే, ఏటా జరిగే డ్రాఫ్టులో అంత ముందు వరసలో కొత్త కుర్రాణ్ని ఎంచుకునే ఛాన్స్. అట్లా 2021లో రెండో నంబరులో జేలెన్ గ్రీన్, 2022లో మూడో నంబరులో జబారీ స్మిత్, 2023లో నాలుగో నంబరులో ఏమెన్ థాంప్సన్ వచ్చారు. తుర్కీ కుర్రాడు ఆల్పరెన్ షెంగూన్ 2021లో 16వ నంబరులో దొరికాడు. అదైతే తక్దీరే. టికెట్ కొని వచ్చే ఘరానాలకు ఓటమి అమ్ముతూ రేపటి కోసం ఆగమనడం నాకు ఎప్పుడూ హజం కాలేదు. నీయత్ సాఫ్‌గా లేని సబ్ర్‌ను సబ్ర్ అనబుద్ధి కాదు.

హునర్‌కు కొదవ లేదు. ఇంటినిండా ఇరవై ఏళ్లు అటూఇటూగా ఉన్న పిల్లలే. దస్తర్‌ఖాన్ పరిచేవాడు లేడు, ముందు నువ్వు తిను అనేవాడు లేడు. బంతి అందినవాడు అందినట్టు వేసేయడమే. డిఫెన్స్ లీగ్‌లో అట్టడుగు. నింద మొత్తం కోచ్ స్టీఫెన్ సైలస్ మీద పడింది, 2023 వసంతంలో ఆయన్ను సాగనంపారు. చేతికి పిల్లల్ని మాత్రమే ఇచ్చి గెలుపులు అడిగితే ఆయనేం చేస్తాడు?

అప్పుడు జిద్ మారింది. దానికీ ఒక హిసాబ్ ఉంది. పాత సౌదా ప్రకారం, 2024లో తమకు దక్కే మొదటి రౌండ్ పిక్ మొదటి నాలుగు నంబర్లలో పడకపోతే ఓక్లహోమా సిటీకి ఇచ్చేయాలి. ఇక ఓడితే లాభం పక్కవాడికే పోయే ఖతరా. మరోవైపు ఖజానాలో 6 కోట్ల డాలర్లకు పైగా చోటుంది. లీగ్‌లో ప్రతి టీము జీతాలకూ ఒక హద్దు ఉంటుంది, ఆ ఏడాదికి అది 13.6 కోట్ల డాలర్లు. జూన్ 30 సాయంత్రం ఫ్రీ ఏజెన్సీ తెరుచుకుంటుంది. అంటే కాంట్రాక్టు తీరిన ఆటగాడు తన మర్జీ ఉన్న టీముతో మాట్లాడుకోవచ్చు. రిష్తాల సీజన్ లాంటిదే. ఫర్క్ ఏమిటంటే, వరసగా ఓడిన ఇంటికి మంచి రిష్తా రాదు. మెహర్ ఎక్కువ కట్టాల్సిందే.

హార్డెనే తిరిగొస్తాడని ముందు నుంచీ పుకారు. తీసుకున్నది ఫ్రెడ్ వాన్‌వ్లీట్‌ను. మూడేళ్లకు దాదాపు 13 కోట్ల డాలర్లు. భాంజా ఫోన్లో అరిచాడు, "మామూ, వీళ్లకు దిమాగ్ ఉందా? ఆరడుగుల మనిషికి అంతనా!" నాకు ఆ మనిషి కథ తెలుసు. 2016 డ్రాఫ్టులో 60 పేర్లు పిలిచారు, అందులో ఇతని పేరు లేదు. మూడేళ్లకు టొరంటోతో చాంపియన్ అయ్యాడు. పేరు పిలవకపోయినా మెహనత్ ఆపనివాణ్ని ఆ పిల్లల మధ్య కూర్చోబెట్టడానికి ఎంతైనా ఇవ్వొచ్చనిపించింది. బంతి చేతిలో ఉంటే తొందరపడడు, పోగొట్టుకోడు. అమ్మీ భాషలో చెప్పాలంటే సలీఖా ఉన్న మనిషి.

డిలన్ బ్రూక్స్ సంగతి అది కాదు. నాలుగేళ్లకు 8 కోట్ల డాలర్లకు పైనే. మెంఫిస్‌లో ఉండగా జబాన్‌కు లగామ్ లేదు. లెబ్రాన్ జేమ్స్‌ను ముసలోడని ఎగతాళి చేసి, ఆ సిరీస్ ఓడి అందరి ముందూ నవ్వులపాలయ్యాడు. కానీ ఎదుటి టీము పెద్ద ఆటగాణ్ని రాత్రంతా వెంటాడే షౌక్ ఎంతమందికి ఉంటుంది? వాళ్లతోపాటు జెఫ్ గ్రీన్ కూడా వచ్చాడు. 36 ఏళ్లవాడు, 2012లో గుండె ఆపరేషన్ చేయించుకుని మళ్లీ ఆటలోకి వచ్చినవాడు, అప్పుడే డెన్వర్‌తో టైటిల్ గెలిచి వచ్చాడు. అతనే అసలు బుజుర్గ్.

కొత్త కోచ్ ఐమే ఉడోకా గురించి మాత్రం నా దిల్ ఇప్పటికీ రెండు ముక్కలే. 2022లో బోస్టన్‌ను ఫైనల్స్ దాకా తీసుకెళ్లాడు. వెంటనే క్లబ్ నియమాలు ఉల్లంఘించాడని అదే బోస్టన్ అతన్ని సీజన్ మొత్తం సస్పెండ్ చేసింది. ఇట్లాంటి మనిషి చేత పిల్లలకు తర్బియత్ ఇప్పిస్తారా అని మా ఆపా అడిగింది. తోసిపుచ్చే సవాల్ కాదది. ఆట వరకైతే పిల్లలు అతని మాట విన్నారు.

ఫలితం 41 గెలుపులు, 41 ఓటములు. ప్లేఆఫ్స్ దక్కలేదు. అయినా మార్చిలో షెంగూన్ గాయపడినా వరసగా 11 గెలిచారు, డిఫెన్స్ మొదటి పది టీముల వరసకు చేరింది. మరుసటి ఏడు 52 గెలుపులతో వెస్ట్‌లో రెండో స్థానం. మొదటి రౌండులోనే గోల్డెన్ స్టేట్ చేతిలో పడ్డారు, అదీ 3-1 వెనుకబడి ఏడో మ్యాచ్ దాకా లాగి. ఆ ఏడో మ్యాచ్ సొంత ఇంట్లో 103-89తో పోయింది. ఈసారి చాయ్ చల్లారినా లేవలేదు.

2025 వేసవిలో బ్రూక్స్‌నూ, జేలెన్ గ్రీన్‌నూ ఫీనిక్స్‌కు పంపి కెవిన్ డ్యురాంట్‌ను తెచ్చారు. వాన్‌వ్లీట్ పాత కాంట్రాక్టులో చివరి ఏడాదిని టీము వద్దనుకుని, అంతకంటే తక్కువకు, రెండేళ్లకు 5 కోట్ల డాలర్లకు, మళ్లీ రాయించుకుంది. అతను కాదనలేదు. సీజన్ మొదలవకముందే మోకాలి లిగమెంట్ తెగి మంచాన పడ్డాడు. భాంజా గమ్ మాత్రం బ్రూక్స్ గురించే. కష్టపడి కొన్న జెర్సీ, వేసుకోనూ లేడు, పారేయనూ లేడు. "ఇంటి గోడలు నిలబెట్టినోణ్ని గృహప్రవేశం రోజే పంపేసిన్రు మామూ" అన్నాడు. ఆ జెర్సీ నాకు పంపమన్నాను. ఇక్కడ ఫజర్ తర్వాత నన్ను చూసేవాళ్లెవరూ లేరు, వేసుకుంటాను.