టీవీ కేబుల్ అని నవ్వారు



మేము హాస్టల్‌లో ఒకే రూమ్ వాళ్లం, ముగ్గురం, ఈసీఈ మూడో సంవత్సరం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. హాస్టల్ ట్యాంకులో నీళ్లెంత ఉన్నాయో రేడియోలో ల్యాబ్‌కు పంపే ప్రాజెక్టు తీసుకున్నాం. సబ్బు రాసుకున్నాక నీళ్లు ఆగిపోతే ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా.

రిసీవర్ కింద ల్యాబ్‌లో, యాంటెన్నా మేడ మీద. మధ్యలో పది మీటర్ల కేబుల్ కావాలి. మాకు తెలిసిన కోయాక్సియల్ కేబుల్ ఒక్కటే, ఊళ్లో రేకుల మీద డిష్‌కు వేసే ఆర్‌జీ-6. అదే వేశాం. కొన్ని మెసేజ్‌లు తప్పినా చాలావరకు వచ్చేవి.

రివ్యూకి ముందు క్లాస్‌మేట్ ఒకడు చూసి, "ఇది టీవీ కేబుల్ రా, 75 ఓమ్స్. దీనికి 50 కావాలి" అన్నాడు. అందరూ నవ్వారు. మేము తల దించుకున్నాం. ఎందుకని అడగలేదు, లెక్క వెయ్యలేదు. స్కాలర్‌షిప్‌లో మిగిలిన డబ్బు పెట్టి 50 ఓమ్స్ ఆర్‌జీ-174 కొన్నాం. సన్నగా, నాజూగ్గా ఉంది. వేస్తే ఒక్క మెసేజ్ కూడా రాలేదు.

ఆ రాత్రి డేటాషీట్లు ముందేసుకుని కూర్చున్నాం. 75, 50 కలిసే చోట వెనక్కి తిరిగే పవర్ నూటికి 4 పాళ్లే. అసలు నష్టం కేబుల్ పొడవునా జరుగుతోంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ, తీగ సన్నబడేకొద్దీ అది ఎక్కువ. మేము వాడే 865 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్‌జీ-174 మీటరుకు సుమారు 1 డీబీ తినేస్తుంది. పది మీటర్లకు 10 డీబీ, అంటే మిగిలేది పదో వంతు. ఆర్‌జీ-6లో అదే దూరానికి పోయేది సుమారు 2 డీబీ, సగం కంటే ఎక్కువే మిగులుతుంది.

లావుపాటి 50 ఓమ్స్ కేబుల్ కొనే డబ్బు లేదు. అందుకని రేడియో మాడ్యూల్‌నే డబ్బాలో పెట్టి మేడ మీదకు ఎక్కించాం. కొన్న ఆర్‌జీ-174 ఒక అడుగు కోసి కనెక్టర్ బిగించాం. కిందికి కరెంటు, డేటా తీగలే దించాం. మెసేజ్‌లు వచ్చాయి.

తమ్ముళ్లూ, ముందు ఫ్రీక్వెన్సీ, తర్వాత పొడవు, మీటరుకు ఎన్ని డీబీ, ఎన్ని ఓమ్స్, ఏ కనెక్టర్. ఈ వరసలో చూడండి. నవ్వినవాడు చెప్పింది తప్పు కాదు, సగమే. మిగతా సగం అడగకుండా సిగ్గుతో కొన్నది మేమే. లెక్క అర్థం కాకపోతే ఇక్కడే అడగండి, కలిసి వేద్దాం.