పన్ను లేని వడ్డీలో 2,980 రూపాయలు

పన్ను లేని వడ్డీ అనగానే అది లెక్కలోకే రాని వడ్డీ అన్న అభిప్రాయం మనవాళ్ళలో చాలామందికి ఉంది. ఈ రెండూ ఒకటి కావు. పన్ను వేయకపోవడం ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు. చూపించకపోవడం మనం చేసే పని. మొదటిది దొరికినంత మాత్రాన రెండవదానికి అనుమతి వచ్చినట్టు కాదు. కోనసీమలో ఉంటున్న మా పిన్ని ఆదాయపు పన్ను రిటర్నుకు సాయపడుతున్నప్పుడు ఈ భేదం నాకు స్పష్టంగా కనిపించింది. అక్కడ తేలవలసిన సొమ్ము 2,980 రూపాయలు. దాని మీద కట్టవలసిన పన్ను సున్నా. అయినా ఆ అంకె వెనుక ఉన్న సంగతి ఒక టపాగా రాసిపెట్టుకోదగినదని తోచింది.

మా బాబాయి బడిపంతులుగా పనిచేసి విరమించారు. అమలాపురానికి దగ్గరలో ఇల్లు, ఇంటి వెనుక కొద్దిపాటి కొబ్బరితోట. 2023 ఏప్రిల్‌లో ఆయన కాలం చేశారు. రాబడి వివరాలన్నీ ఆయన ఒక పొడుగాటి పుస్తకంలో రాసుకునేవారు. ఎడమవైపు పన్ను పడేది, కుడివైపు పన్ను లేనిది. ఆయన పోయిన తరువాత పిన్ని ఆ పుస్తకాన్ని అవే గళ్ళతో, అవే శీర్షికలతో కొనసాగించింది. 2023-24 ఆర్థిక సంవత్సరానికి కుడివైపున వడ్డీ కింద ఆవిడ రాసిన పద్దులు రెండే. బాండ్ల మీద 24,900 రూపాయలు, పోస్టాఫీసు పొదుపు ఖాతా మీద 6,480 రూపాయలు. వెరసి 31,380.

బాండ్ల సంగతి సులభం. 2011-12, 2015-16 సంవత్సరాల మధ్య కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు పన్ను రహిత బాండ్లను ప్రజలకు అమ్మాయి. జాతీయ రహదారుల సంస్థ 2012 జనవరిలో కేటాయించిన పదిహేనేళ్ళ బాండ్లు, 8.30 శాతం వడ్డీవి, బాబాయి మూడు వందలు తీసుకున్నారు. బాండు ముఖవిలువ వెయ్యి రూపాయలు. మూడు లక్షల మీద ఏడాదికి 24,900. ఆయన పోయాక అవి పిన్ని పేరుకు మారాయి. ఇందులో తగవు లేదు.

పోస్టాఫీసు వడ్డీ కూడా సరిచూడగలిగినదే. నెలలో పదవ తేదీకీ ఆఖరి రోజుకూ మధ్య ఖాతాలో ఉన్న కనిష్ఠ నిల్వ మీద ఏడాదికి 4 శాతం చొప్పున లెక్కకట్టి, ఆర్థిక సంవత్సరం చివర జమ వేస్తారు. బాబాయి పోయినప్పటినుంచి పిన్ని ఆ ఖాతాలోని డబ్బు ముట్టుకోలేదు. పన్నెండు నెలలూ 1,62,000 రూపాయలు కదలకుండా ఉన్నాయి. దానిమీద 4 శాతం సరిగ్గా 6,480.

ఇంత పొందికగా ఉన్న లెక్క, 2024 జూలైలో రిటర్నులు తయారుచేసే ఒకాయన దగ్గరకు వెళ్ళేసరికి పొసగలేదు. ఆయన వివరాలన్నీ తన సాఫ్టువేరులోకి ఎక్కించి అచ్చు తీసి ఇస్తే, పన్ను లేని వడ్డీ మొత్తం 28,400 అని వచ్చింది. పుస్తకంలో 31,380. తేడా 2,980. ఇది చాలదన్నట్టు, ఆదాయపు పన్ను శాఖ 2021 నవంబరు నుంచి మనకు చూపుతున్న వార్షిక సమాచార నివేదికలో పోస్టాఫీసు వడ్డీ 6,480 రూపాయలూ పొదుపు ఖాతా వడ్డీగా కనిపిస్తోంది. అందులో మినహాయింపు ప్రసక్తే లేదు. మూడు కాగితాలు, మూడు మాటలు. జూలై 31 గడువు దగ్గరపడుతోంది. నోటీసు వస్తుందేమోనని పిన్నికి దిగులు పట్టుకుంది. ఆ ఇంట్లో అంతవరకూ ఏ కార్యాలయం నుంచీ అటువంటి కాగితం వచ్చి ఎరుగదు.

లెక్క తప్పినప్పుడు తేడాను వెదికే పద్ధతి ఒకటి, బియ్యపు మిల్లులో గుమాస్తాగా చేసిన ఒక పెద్దాయన నాకు చిన్నప్పుడు చెప్పారు. చిట్టా నుంచి ఆవర్జాకు ఎక్కించేటప్పుడు అంకెలు తారుమారైతే, వచ్చే తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడుతుంది. 6,480ని 4,680 అని రాస్తే తేడా 1,800, అంటే తొమ్మిది రెండువందలు. తొమ్మిదితో పోకపోతే తేడాను సగం చేసి, ఆ సగం పద్దుల్లో ఎక్కడైనా ఉందేమో చూడాలి. ఉంటే జమ ఖర్చులో, ఖర్చు జమలో పడ్డాయన్నమాట. అదీ కాకపోతే తేడా ఎంత ఉందో అంత పద్దు ఒకటి వదిలిపోయి ఉండాలి.

2,980ని తొమ్మిదితో భాగిస్తే ఒకటి మిగిలింది. సగం 1,490, అటువంటి పద్దు లేదు. 2,980 అన్న పద్దూ లేదు. అంటే ఇది రాతలో దొర్లిన పొరపాటు కాదు, ఏదో ఒక నియమం పుట్టించిన తేడా. నియమానికి ఒక హద్దు ఉంటుంది కనుక ప్రతి పద్దులోంచీ 2,980 తీసివేసి చూశాను. 6,480లోంచి తీసివేస్తే 3,500 మిగిలింది. ఆ అంకె చూడగానే సంగతి తెలిసింది.

పోస్టాఫీసు పొదుపు ఖాతా వడ్డీకి మినహాయింపు ఉన్నమాట నిజమే కాని అది పరిమితమైనది. 1961 నాటి చట్టంలోని 10(15) సెక్షను కింద 2011 జూన్‌లో వెలువడిన ప్రకటన ప్రకారం, ఒక్కరి పేర ఉన్న ఖాతాకు ఏడాదికి 3,500 రూపాయలు, ఉమ్మడి ఖాతాకు 7,000 రూపాయలు. బాబాయి, పిన్ని ఇద్దరి పేర్లూ ఉన్నన్నాళ్ళూ వడ్డీ మొత్తం ఏడువేల లోపలే ఉండేది కాబట్టి, ఆయన దాన్ని పూర్తిగా కుడివైపు గడిలో వేయడం ధర్మమే. ఆయన మరణానంతరం అదే వేసవిలో ఖాతా పిన్ని ఒక్కదాని పేరుకు మారింది. సాఫ్టువేరు ఆ సంగతి గుర్తించింది. పుస్తకం గుర్తించలేదు. పుస్తకంలో ఇంకా ఇద్దరున్నారు.

రిటర్ను రాసే ఆయనకు ఈ మాట చెబితే తేలిగ్గా నవ్వేశారు. "ఖాతా ఉమ్మడిదని ఒక్క గుర్తు మారిస్తే సరిపోతుందండీ. పుస్తకం, అచ్చు రెండూ కలిసిపోతాయి. ఇంత చిన్న మొత్తం ఎవరూ చూడరు" అన్నారు. కలిసిపోయే మాట నిజమే. లెక్కలు కలవడం, లెక్క నిజం కావడం వేరువేరు సంగతులని ఆ క్షణాన నాకు అర్థమైంది. నేను ఏమీ అనకుండా పిన్ని వైపు చూశాను.

ఆవిడ కాసేపు పుస్తకం కేసి చూస్తూ కూర్చుంది. "అయితే ఆ మూడువేల అయిదువందలూ మీ బాబాయివన్నమాట" అంది. తరువాత, "లేని మనిషిని ఉన్నట్టు రాయకు నాన్నా. ఆయనకది నచ్చదు" అంది. ఆ ఖాతా ఒక్క పేరుకు మార్పించుకోవడానికి పోస్టాఫీసులో సంతకం చేసినప్పుడు కూడా ఆవిడ కంటతడి పెట్టలేదు. ఇప్పుడు కళ్ళు తుడుచుకుంది.

లెక్కను అలాగే ఉంచాము. కొబ్బరి మీద వచ్చిన రాబడి అయిదువేలు దాటింది కనుక రెండవ నమూనా రిటర్నే వేయాలి. అందులోని మినహాయింపు ఆదాయాల పట్టికలో బాండ్ల వడ్డీ 24,900, పోస్టాఫీసు వడ్డీలో 3,500, తోట రాబడి చూపించాము. మిగిలిన 2,980 ఇతర ఆదాయాల కింద పొదుపు ఖాతా వడ్డీలో పడింది. 3,500, 2,980 కలిపితే 6,480. శాఖవారి నివేదికలోని అంకె అదే. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల్లో ఎలా చీలినా, మూడూ కూడితే వదిలిన నీరే రావాలి కదా. పిన్ని ఆదాయానికి 87ఎ సెక్షను రిబేటు వర్తించింది కనుక, చివరికి ఈ మార్పు వల్ల పన్ను ఒక్క రూపాయి కూడా పెరగలేదు.

ఈ విషయం అమెరికాలో ఉన్న పిన్ని కొడుకుకు, అంటే మా తమ్ముడికి, ఫోనులో చెబితే, అక్కడి రిటర్నులోనూ ఇదే తీరు అన్నాడు. 1040 పత్రంలో 2ఎ వరుస పన్ను లేని వడ్డీకి, 2బి వరుస పన్ను పడే వడ్డీకి. రాష్ట్రాలు, పురపాలక సంఘాలు జారీచేసిన బాండ్ల వడ్డీ సాధారణంగా 2ఎలో పడుతుంది. పన్ను లేకపోయినా చూపించాలి. వృద్ధులకు వచ్చే సోషల్ సెక్యూరిటీ సొమ్ములో ఎంత భాగానికి పన్ను వేయాలో తేల్చేటప్పుడు దాన్ని కూడా కలుపుతారు. వాడికి రాజమండ్రి బ్యాంకులో ఉన్న ఎన్నారై డిపాజిట్టు వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. అక్కడ మాత్రం అది 2బిలోకే వెళ్ళాలి. పైగా మన ఏడాది ఏప్రిల్‌తో మొదలు, వారిది జనవరితో. బ్యాంకు ఇచ్చిన మార్చి ఆఖరి పత్రంలోని అంకెను యథాతథంగా ఎక్కిస్తే తేడా రాక తప్పదు. ఒకే రూపాయికి ఒక దేశంలో మినహాయింపు, మరో దేశంలో పన్ను. అంచేత వడ్డీకి పన్ను లేదని ఎవరైనా అన్నప్పుడు ఏ చట్టం కింద, ఎవరి పేర, ఏ ఏడాదికి, ఎంతవరకు అని నాలుగు ప్రశ్నలు వేసుకోవడం మంచిది.

సాఫ్టువేరును తప్పుపట్టడం మనకు అలవాటు. దానికి మనం చెప్పినదే తెలుస్తుంది, మనం చెప్పినదాన్నే అది గడుల్లో సర్దుతుంది. తేడా వచ్చినప్పుడు, రెండు అంకెలూ కలిసేదాకా ఏదో ఒకటి మార్చెయ్యాలన్న తొందర ఎవరికైనా పుడుతుంది. ఆ తొందరలో పోయేది ఎక్కువసార్లు డబ్బు కాదు, జరిగిన సంగతి. పిన్ని ఆ పుస్తకంలో బాబాయి గీసిన గళ్ళ కింద ఒక గీత గీసి, దాని దిగువన తన పేరుతో కొత్త గళ్ళు వేసుకుంది. కుడివైపు గడిలో పోస్టాఫీసు పద్దు పక్కన 3,500 అని హద్దు రాసుకుంది. పాత పుటలు మాత్రం దిద్దలేదు. అవి రాసిన నాటికి అవి సరైనవే.