ఎల్లారెడ్డి పెరట్లో గీతల పాము

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఎక్కితే తాడ్వాయి, లింగంపేటల మీదుగా గంటకు పైగా ప్రయాణం. 2023 డిసెంబరు 9 నుంచి మన ఆడవాళ్ళకు ఆర్టీసీలో జీరో టికెట్టు కదండీ, ఆధార్ కార్డు చూపిస్తే చాలు, పుట్టింటికి పైసా ఖర్చు లేకుండా వెళ్ళిరావచ్చు. సీటు దొరకడం మాత్రం ఎవరి అదృష్టం వారిది!

కామారెడ్డి అనగానే చాలామందికి ముందు బెల్లం గుర్తొస్తుంది. నాకు మాత్రం ఊరు దాటాక వచ్చే మక్క చేలు, వాటి వెనక గుట్టలు. లింగంపేటలో నాగన్న బావి ఉంది. పాతకాలపు మెట్లబావి, తీరిక ఉంటే దిగి చూడండి. అక్కడి నుంచి ఎల్లారెడ్డి వైపు ఇక వరి పచ్చదనమే. 1922లో పూర్తయిన పోచారం ప్రాజెక్టు నీళ్ళు నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి పొలాలకే పారుతాయి. ఇటుపక్క మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్. నీళ్ళున్న చోట వరి, వరి ఉన్న చోట కప్పలు, ఎలుకలు. అవి ఉన్న చోట వాటిని తినేవీ ఉంటాయి. వాటి పేరెత్తరు మావాళ్ళు. పొద్దుగూకితే ‘పాము’ అనరు, ‘పురుగు’ అంటారు. కరిచిందని కూడా అనరు, ‘పురుగు ముట్టింది’ అంటారు. 2025 ఆగస్టు చివర కామారెడ్డిని ముంచెత్తిన వాన మీరు టీవీలో చూసే ఉంటారు. అలాంటి వానల్లో బొరియలు నీళ్ళతో నిండి, అవి మెట్టను వెతుక్కుంటూ మన ఇళ్ళవైపే వస్తాయి.

నేనీసారి వెళ్ళింది నాగుల పంచమికి. పొద్దున్నే పుట్టకు పాలు పోసి వచ్చాం, అన్నయ్య కళ్ళు పాలతో కడిగాను. మధ్యాహ్నం వదిన పెరట్లో గిన్నెలు తోముతోంది. పక్కింటి అవ్వ పెంచుకునే పిల్లి జామచెట్టు కింద దేన్నో విసిరి పట్టి ఆడుతోంది. పిల్లికి చెలగాటమే గానీ, ప్రాణసంకటం ఈసారి ఎలుకది కాదు. మూరెడు పాము!

“అగో, పురుగు! పిల్లగాన్ని లోపటికి తీస్కపో!” అని వదిన కేకేసింది. మా చిన్నోణ్ణి చంకనేసుకుని నేను గడప మీదికి ఎగిరాను. అవ్వ అప్పటికే కట్టె పట్టుకుని వచ్చేసింది. “కట్లపామే గది, కొట్టుర్రి!”

“పొద్దుగాల పాలు పోస్తిమి, పగటీలి కొడ్తమా అవ్వా?” అంది వదిన.

అవ్వ భయం ఉత్త భయం కాదు సుమండీ. ముప్పై ఏళ్ళ కింద నాట్ల కాలంలో ఆమె పెనిమిటికి పొలంలో పురుగు ముట్టింది. ఇంటికి మోసుకొచ్చేలోపే ప్రాణం పోయింది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. అందులో సగం దాకా జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఇది తెలిసి అవ్వను నవ్వడానికి నాకైతే నోరు రాదు.

మేనల్లుడు డిగ్రీలో జువాలజీ చదువుతున్నాడు. దూరం నుంచే ఫోనులో ఫొటో తీసి, పెద్దది చేసి చూశాడు. “అత్తా, కట్లపాముకు నల్లటి ఒంటి మీద తెల్లటి అడ్డపట్టీలుంటయి. దీనికి తోకదాకా రెండు పసుపు నిలువుగీతలున్నయి. కప్పలు తినేది, విషం లేదు” అన్నాడు. మనం మాత్రం ఈ ఒక్క గుర్తు పట్టుకుని ధైర్యం చెయ్యకూడదు. తెలియని పాముకు నాలుగు బారల దూరంలో నిలబడి, తెలిసినవాళ్ళను పిలవడమే మన పని.

వదిన చెంబుడు నీళ్ళు విసిరితే పిల్లి పరుగో పరుగు. అవ్వ దాన్ని గదిలో వేసి గొళ్ళెం పెట్టింది. మేనల్లుడు ప్లాస్టిక్ డబ్బాను నేలమీద అడ్డంగా పెట్టి, పొడుగు చీపురుతో పామును మెల్లగా లోపలికి తోశాడు. మూతకు ముందే చిన్న చిన్న బెజ్జాలు పొడిచి, అడుగున పాత నూలు చీర ముక్క పరిచాడు. ఈలోపు అవ్వ పసుపు పట్టుకొచ్చింది, వదిన గిన్నెలో పాలు. రెండూ వద్దన్నాడు. నేరుగా పశువుల ఆసుపత్రికే తీసుకెళ్ళాం.

గేదెలను, మేకలను చూసుకునే డాక్టరుగారు డబ్బాలోకి తొంగి చూసి నవ్వారు. కానీ శ్రద్ధగా చూశారు. తోక దగ్గర రెండు పంటి గాట్లు, సూది గుచ్చినంతే. “ఇంత చిన్నవే కదా సార్?” అంటే, అదే ప్రమాదమన్నారు. పిల్లి కోర సన్నగా లోతుకు దిగుతుంది. దాని నోట్లో పాశ్చరెల్లా అనే బాక్టీరియా ఉంటుంది. పైన తోలు మూసుకుపోతే లోపల చీము పడుతుంది. పైకి బాగానే ఉన్న జీవి వారం లోపల చచ్చిపోవచ్చు. బెటాడిన్‌ను నీళ్ళలో పలచటి టీ రంగు వచ్చేదాకా కలిపి గాట్లు కడిగారు. డెట్టాల్ గానీ, హైడ్రోజన్ పెరాక్సైడ్ గానీ పోయకూడదట. పాముది చల్లని రక్తం కాబట్టి మందు ఒంట్లోంచి మెల్లగా పోతుందట, అందుకని ఇంజెక్షను మూడు రోజులకొకటే.

పాల సంగతీ అడిగేశాను. పాముకు పాలు అరగవట. దెబ్బ తిన్నదానికి తిండి కూడా పెట్టొద్దన్నారు, కక్కుకుంటుంది. ఎండ తగలకుండా, ఫ్యాను గాలి లేకుండా, చీకటిగా, వెచ్చగా ఉంచితే చాలు. మన బాలింతను చూసుకున్నట్టే అనుకోండి, కాయం ఒక్కటే తక్కువ!

1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం పామును చంపడమే కాదు, ఇంట్లో ఉంచుకోవడమూ నేరమే. అందుకే డాక్టరుగారే ఫారెస్టు వాళ్ళకు ఫోను చేసి, డబ్బాను ఆసుపత్రిలోనే ఉంచారు. పనిలో పనిగా మాకు కాటు సంగతీ చెప్పారు. కరిచిన చోట కొయ్యకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. మనిషిని నడిపించకుండా, కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి సర్కారు దవాఖానకు చేర్చాలి. విరుగుడు మందు అక్కడ ఉంటుంది. కట్లపాము రాత్రి నిద్రలో కాటేస్తే నొప్పి కూడా తెలియదట. నేలమీద పడుకునేవాళ్ళు దోమతెరను పక్క కిందికి దోపుకుంటే చాలా మేలన్నారు. ఆ సాయంత్రమే వదిన అంగడికి వెళ్ళి రెండు దోమతెరలు కొంది.

నాలుగో రోజు రెండో ఇంజెక్షను పడింది. పాము చురుగ్గా నాలుక ఆడిస్తోంది, గాట్లు ఎండాయి. ఫారెస్టు వాళ్ళు వచ్చి డబ్బా తీసుకున్నారు. మేనల్లుడు వాళ్ళ వెంటే వెళ్ళి, వాగు గట్టు మీద మూత తీయగానే గడ్డిలోకి జారిపోయిందని చెప్పాడు.

అవ్వ అంతా విని, “మల్ల నా పిల్లి గతేంది? రేపు నాగుంబాముతోని ఆడితే?” అంది. వానలు తగ్గేదాకా రాత్రిళ్ళు దాన్ని లోపలే ఉంచుతానని, మెడకు గజ్జె కడతానని తనే అంది. గజ్జె కోసం వదిన పాత పట్టీ వెతుకుతుంటే నా బస్సు టైమైంది.