గడ్డి ఉంటేనే కోడి

పది గంటలు కావడానికి ఇంకా ఆరు నిమిషాలుంది. మొక్కజొన్న చేను అంచున పదకొండు మందిమి వరుసగా నిలబడ్డాం. అందరి ఒంటి మీదా నారింజ రంగు చొక్కాలే. ఒక్క తుపాకీలోనూ తూటా లేదు. మూడు లాబ్రడార్ కుక్కలు ఆత్రం పట్టలేక కుయ్‌కుయ్‌మంటూ యజమానుల కాళ్ళకు ఒరుసుకుంటున్నాయి. పొలం ఆసామి, డెబ్బై ఏళ్ళ పెద్దాయన, చేతి గడియారం మీంచి చూపు తిప్పలేదు. అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో ఫెజెంట్ వేట పొద్దున పదింటికి మొదలై సూర్యాస్తమయంతో ఆగిపోవాలి. 2020కి ముందయితే సీజన్ మొదటి రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు దాకా ఆగాల్సి వచ్చేదట. ఇవాళ అక్టోబర్ మూడో శనివారం, సీజన్ తొలిరోజు. నా చేతిలో తుపాకీ లేదు. చేలో నడిచి ఫెజెంట్ కోళ్ళను లేపడమే నా పని.

ముందురోజు సూ ఫాల్స్ నుంచి దాదాపు మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాను. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి వాళ్ళ నాన్నే ఈ పెద్దాయన. "మా ఊరి పండగ ఒక్కసారి చూడు" అని ఆ అమ్మాయి మూడేళ్ళుగా పిలుస్తోంది. దారిలో హ్యూరన్ పట్నంలో 1959లో నిలబెట్టిన పెద్ద ఫెజెంట్ బొమ్మ చూశాను. రెడ్‌ఫీల్డ్ చేరేసరికి చీకటి పడింది. జనాభా రెండు వేల పైచిలుకు ఉన్న ఊరు. 'ప్రపంచ ఫెజెంట్ రాజధాని' అని తనకు తాను పేరు పెట్టుకుంది. మోటెళ్ళ ముందు ఎక్కడెక్కడి నంబరు ప్లేట్లో, ట్రక్కుల వెనక కుక్కల పెట్టెలు. సంక్రాంతికి అల్లుళ్ళు దిగినట్టు ప్రతి ఇంట్లోనూ చుట్టాలే.

తెలుగులో ఫెజెంట్ పిట్టకు నోట్లో నానిన పేరు లేదు గానీ, దీని చుట్టాలు మనకు బాగా తెలుసు. నెమలి, అడవికోడి, కౌజుపిట్ట అన్నీ ఈ కుటుంబానివే. మెడకు తెల్లటి పట్టీ ఉన్న ఈ ఫెజెంట్‌ను సౌత్ డకోటా 1943లో రాష్ట్ర పక్షిగా ఎంచుకుంది. అయినా ఇది ఈ నేల పిట్ట కాదు, ఆసియా నుంచి వచ్చింది. షాంఘైలో అమెరికా కాన్సల్‌గా ఉన్న ఓవెన్ డెన్నీ 1882లో ఓడలో పంపిన కోళ్ళు ఒరెగాన్‌లోని విలమెట్ లోయలో నిలదొక్కుకున్నాయి. పదేళ్ళకల్లా అక్కడ వేటకు అనుమతి ఇచ్చేంతగా పెరిగాయి. రెడ్‌ఫీల్డ్ వాళ్ళు 1908లో కొన్ని జతలను ఊరి దగ్గరి తోపులో వదిలారు. 1919 అక్టోబర్ 30న ఆ ఊరున్న ఈ స్పింక్ కౌంటీలో తొలి వేట జరిగింది. ఒకే ఒక్క రోజు. రాత్రి భోజనాల దగ్గర పెద్దాయన ఆ తేదీ చెప్పిన తీరు చూస్తే సొంత ఇంట్లో పెళ్ళి తేదీ చెబుతున్నట్టు ఉంది.

పది కొట్టింది. తూటాలు ఎక్కించుకున్న చప్పుడు వరుస పొడుగునా వినిపించింది. మా జట్టులో మిగతావాళ్ళు చేను అవతలి చివరకు ముందే వెళ్ళి నిలబడ్డారు. మేం ఇటునుంచి నడవాలి. ఫెజెంట్ వీలైనంతవరకు ఎగరదు, పరిగెడుతుంది. అటు కాపు లేకపోతే మన ముందే పరిగెత్తి, చివర్న బయటపడి మాయమవుతుంది.

నడవబోయే ముందు పెద్దాయన చెప్పినవి రెండే మాటలు. "పుంజునే కొట్టాలి. కోడి కింద ఆకాశం కనిపించాలి." చేలో కుక్కలున్నాయి, మనుషులున్నారు. కాబట్టి కిందుగా ఎగిరే పిట్ట మీద తుపాకీ ఎత్తకూడదు. ఇక పుంజు సంగతి చట్టమే చెబుతుంది. ఒక వేటగాడు రోజుకు మూడు పుంజులు మించి కొట్టకూడదు, పెట్ట జోలికి అసలే పోకూడదు. ఒక్క పుంజు చాలా పెట్టలతో జత కడుతుంది. అందుకని పుంజుల్లో చాలావాటిని తీసేసినా వచ్చే ఏటి పిల్లలకు లోటు రాదు. అదే పెట్ట పోతే దానితో ఒక గూడంతా పోయినట్టే.

ఎండిన మొక్కజొన్న ఆకులు మొహానికి కోసుకుంటుంటే ఇరవై అడుగులు నడిచాను. నా కాళ్ళ దగ్గరే నేల పేలినట్టయింది. రెక్కల టపటప, దాని మీద గరగరమనే కేక. నిట్టనిలువుగా లేచింది పుంజు. ఎండ పడి దాని రొమ్ము కొత్త రాగిబిందెలా మెరిసింది. "రూస్టర్!" అని ఎవరో అరిచారు. తుపాకీ మోగింది. గుండె దడ తగ్గకముందే ఇంకోటి లేచింది. మట్టి రంగు ఒళ్ళు, కేక లేదు. "హెన్! హెన్!" అని వరుసంతా అరిచింది. లేచిన తుపాకులన్నీ ఒక్కసారే దిగాయి. అంతమంది వేళ్ళు ఒక్క మాటకు ఆగిపోవడం ఆ పొద్దున నేను చూసినవాటిలో గొప్పది.

రెండో చేలో పెద్దాయన మనవరాలు, పద్నాలుగేళ్ళ పిల్ల, ఒక పుంజును కొట్టింది. రెక్క విరిగి అది నీటి గుంట చుట్టూ పెరిగిన జమ్ములో పడింది. పడగానే పరుగు. వేట అక్కడితో ఆగిపోయింది. అందరం తుపాకులు ఖాళీ చేసుకుని జమ్ములోకి దిగాం. పదిహేను నిమిషాలు, ఇరవై నిమిషాలు గడిచాయి. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "దొరక్కపోయినా అది నీ లెక్కలోదే. ఇవాళ నీకు మిగిలింది రెండే" అన్నాడు తాత, గొంతు పెంచకుండా. చివరికి ముసలి కుక్క మోకాలి లోతు బురదలోంచి పుంజును నోట కరుచుకుని తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టింది. నాకు వేట మీద ఇష్టం లేదు, ఇప్పటికీ రాలేదు. కానీ చంపినదానికి జవాబుదారీ తనే అని ఆ పిల్ల నేర్చుకోవడం మాత్రం కళ్ళారా చూశాను.

మధ్యాహ్నం షెడ్డులో కోళ్ళు శుభ్రం చేస్తుంటే ఒకదాన్ని నా చేతికిచ్చారు. ఇంకా వెచ్చగానే ఉంది. కళ్ళ చుట్టూ ఎర్రటి తోలు, తల మీద పచ్చా నీలమూ కలిసిన మెరుపు. ఈకకో నల్ల అంచు, మూరెడు పొడుగు తోక. కాలి వెనక ముల్లు పొట్టిగా, మొండిగా ఉంటే ఈ ఏటి పిల్ల, పొడుగ్గా, వాడిగా ఉంటే ముదురు పుంజు. ఒలిచినా ఒక కాలు అలాగే ఉంచుతున్నారు. దారిలో అధికారి ఆపితే పెట్ట కాదు, పుంజేనని ఆ కాలే సాక్ష్యం.

పెద్దాయన ఒక కోడి గొంతు కింది మేత సంచి కోసి గింజలు బల్ల మీద పరిచాడు. మొక్కజొన్న గింజలు, సన్నటి గడ్డి గింజలు, ఒక మిడత. "చేనూ ఉండాలి, బీడూ ఉండాలి. ఇదుగో, రెండూ ఇందులోనే ఉన్నాయి" అన్నాడు.

ఆ తరవాత తన నలభై ఎకరాల గడ్డి భూమికి తీసుకెళ్ళాడు. నడుము లోతు గడ్డి. వసంతంలో పెట్ట ఇందులో నేల మీదే పది పన్నెండు గుడ్లు పెట్టి ఇరవై మూడు రోజులు పొదుగుతుంది. గుడ్డు పగిలిన మొదటి వారాల్లో పిల్లలకు పురుగులే ప్రాణం. మందు కొట్టిన చేలో పురుగుండదు, తొందరపడి కోసిన గడ్డిలో గూడు మిగలదు. చలికాలం మంచు తుఫానులో వాటికి జమ్మూ, గాలికి అడ్డుగా నాటిన చెట్ల వరుసలే దిక్కు.

ఈ రాష్ట్రంలో కోళ్ళ లెక్క ఎప్పుడూ గడ్డి లెక్కనే అనుసరించింది. కరువూ మాంద్యమూ కలిసి 1930ల్లో పొలాలను బీడు పెట్టాయి. ఆ తరవాత యుద్ధకాలంలో తుపాకులు పట్టేవాళ్ళు తగ్గారు. 1945 నాటికి కోళ్ళు కోటీ అరవై లక్షలని అంచనా. బీళ్ళు మళ్ళీ సాగులోకి రాగానే అవి పడిపోయాయి. 1985 వ్యవసాయ చట్టంతో కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్ వచ్చింది. రైతు తన భూమిని పది పదిహేనేళ్ళు దున్నకుండా గడ్డికి వదిలితే ప్రభుత్వం ఏటా కౌలు కడుతుంది. 2007 నాటికి కోళ్ళు మళ్ళీ కోటి దాటాయి. ఆ తరవాత ఇథనాల్ గిరాకీతో మొక్కజొన్న ధర పెరిగింది. ఒప్పందాలు ముగిసిన భూములు నాగలి కిందికి వెళ్ళాయి. 2013 సర్వేలో ముందు ఏడాదితో పోలిస్తే 64 శాతం తగ్గుదల కనిపించింది. కరువూ, తడిసిన చల్లటి వసంతమూ అందులో భాగమే గానీ, దాక్కునే గడ్డి ఉంటే దెబ్బ ఇంత తగిలేది కాదని పెద్దాయన నమ్మకం. వేటగాళ్ళు కొనే తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను 1937 చట్టం ప్రకారం వన్యప్రాణుల సంరక్షణకే పోతుంది. కోళ్ళను కొట్టేవాళ్ళే వాటి రక్షణకూ డబ్బు కడుతున్నారన్నమాట.

"మరి మీ ఒప్పందం?" అని అడిగాను.

"వచ్చే ఏడాదితో తీరిపోతుంది. మొక్కజొన్న వేస్తే కౌలు కన్నా ఎక్కువే వస్తుంది. మళ్ళీ సంతకం పెడతాను. మనవరాలు ఇందులో నడవాలిగా" అన్నాడు.

పొద్దు వాలింది. తుపాకులు పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. చేలలో మేసిన కోళ్ళు రాత్రి మకాంకు ఒక్కొక్కటే గడ్డిలోకి దిగసాగాయి. పెద్దాయన టోపీ తీసి చెవి అటు పెట్టి కేకలు లెక్కపెట్టుకున్నాడు.

నాకు మా ప్రకాశం జిల్లా పల్లె గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా పొలం గట్టు బండి నడిచేంత వెడల్పు. తంగేడు, నేరేడు, రేగు కంపలు ఉండేవి. తెల్లవారితే కౌజుల అరుపుకే మెలకువ వచ్చేది. ఉచ్చులు పెట్టేవాళ్ళను ఊరంతా తిట్టేది. ఆ ఉచ్చులు ఆగి చాలా ఏళ్ళయింది, చట్టమూ ఉంది, కౌజులు మాత్రం తిరిగి రాలేదు. ఏటేటా ఇటు మేం ఒక జాన, అటు పక్క పొలం వాళ్ళు ఒక జాన చెక్కగా చెక్కగా గట్టు మిగిలింది మనిషి అడుగంత. దాని మీద కూడా కలుపు మందు కొడుతున్నాం.

అక్కడ ఏడు గంటల సాయంత్రం, మా ఊళ్ళో తెల్లవారుజామున అయిదున్నర. తమ్ముడికి ఫోన్ చేశాను. పొలానికి బయల్దేరుతున్నాడు.

"తూర్పు గట్టుకు ఈ ఏడు మందు కొట్టకురా. మన వైపు నుంచి రెండు బారలు వదిలేద్దాం" అన్నాను.

"దేనికన్నయ్యా?" అన్నాడు.

"కౌజులకు" అన్నాను.