బిస్మిల్లాహ్ తరువాతి పంక్తులు

ఈజిప్టు రాజధాని కైరోను అరబ్బులు ‘ఖాహిరా’ అంటారు. ఆ నగరానికి వెళ్ళిన యాత్రికులు తప్పక చూసే కట్టడాలలో అల్ అజ్‌హర్ మస్జిద్, సలాహుద్దీన్ కోట, అమ్ర్ బిన్ ఆస్ మస్జిద్ ముఖ్యమైనవి. చాలామంది వాటి శిల్ప సౌందర్యాన్ని చూసి తృప్తిపడతారు. చరిత్ర తెలిసి చూసేవారికి అవి మరొక విషయం కూడా బోధిస్తాయి. అధికారం కోరేవాడు ధర్మం పేరు ఎత్తినప్పుడు అతని మాటను ఎలా తూచాలన్నదే ఆ విషయం.

ఖాన్ ఖలీలీ బజారు వైపు నుండి రహదారి దాటితే అల్ అజ్‌హర్ ప్రధాన ద్వారం కనిపిస్తుంది. దాని పేరు బాబుల్ ముజయ్యినీన్, అంటే క్షురకుల ద్వారం. పూర్వం విద్యార్థులు అక్కడ తల గొరిగించుకునేవారట. లోపల తెల్లని పాలరాతి ప్రాంగణం, చుట్టూ తోరణాల వసారాలు, పైన సుల్తాన్ ఖాయిత్‌బే కట్టించిన మీనారు, ఆ పక్కనే సుల్తాన్ గోరీ కట్టించిన జంట శిఖరాల మీనారు ఉంటాయి. ఫాతిమీ సేనాని జౌహర్ 970లో ఈ మస్జిద్ నిర్మాణం ప్రారంభించగా, 972లో ఇక్కడ తొలి జుమా నమాజు జరిగింది. తరువాతి శతాబ్దాలలో షామ్, మగ్రిబ్, తుర్కీ దేశాల నుండి విద్యార్థులు వచ్చి, తమ తమ ప్రాంతాల పేర్లతో వెలసిన వసతి గృహాలలో ఉండి చదువుకున్నారు.

ఈ ప్రశాంత ప్రాంగణం చవిచూసిన అత్యంత దుర్దినాలు 1798 సంవత్సరానివి. ఆ ఏడాది జూలై మొదట్లో ఫ్రెంచి సేనాని నెపోలియన్ బోనపార్ట్ తన సైన్యంతో ఇస్కందరియాలో దిగాడు. సైన్యంతోపాటు అరబ్బీ అచ్చు అక్షరాలను కూడా ఓడలో తెచ్చుకున్నాడు. అవి రోములోని క్రైస్తవ ప్రచార సంస్థ ముద్రణాలయానివి. వాటితోనే ఈజిప్టు ప్రజలకు ఒక ప్రకటన అచ్చు వేయించాడు.

ఆ ప్రకటన బిస్మిల్లాహ్‌తో మొదలవుతుంది. ఆ వెంటనే అల్లాహ్ తప్ప వేరే ఆరాధ్యుడు లేడనీ, ఆయనకు సంతానం గానీ భాగస్వామి గానీ లేరనీ సాక్ష్యం పలుకుతుంది. మమ్లూక్ పాలకుల కంటే తానే అల్లాహ్‌ను ఎక్కువగా ఆరాధిస్తున్నాననీ, ప్రవక్తనూ ఖుర్‌ఆన్‌నూ గౌరవిస్తున్నాననీ నెపోలియన్ అందులో చెప్పుకున్నాడు. ఫ్రెంచివారు కూడా నిజమైన ముస్లిములేనన్నాడు. అందుకు రుజువుగా పోపు పీఠాన్ని కూలదోశామనీ, మాల్టా ద్వీపం నుండి క్రైస్తవ యోధులను తరిమివేశామనీ చాటుకున్నాడు. అదే కాగితంలో ఇంకాస్త కిందికి వెళితే అసలు సంగతి బయటపడుతుంది. ఫ్రెంచి సైన్యాన్ని ఎదిరించే ప్రతి గ్రామాన్నీ తగులబెడతామని అక్కడ వ్రాసి ఉంది.

జూలై 21న నైలు ఒడ్డున ఇంబాబా దగ్గర మమ్లూక్ సేనలు ఓడిపోయాయి. నెపోలియన్ కైరోలో ప్రవేశించి, అల్ అజ్‌హర్‌కు పడమరన ఉన్న అజ్బకియాలో ఒక మమ్లూక్ ప్రభువు భవనంలో బస చేశాడు. నేడు అజ్బకియాలో ఆ భవనం లేదు. యాత్రికులను పాత పుస్తకాల అంగళ్ళు పలకరిస్తాయి. అల్ అజ్‌హర్ ఉలమాతో అతడు ఒక సలహా మండలిని ఏర్పాటు చేశాడు. మీలాద్ ఉత్సవం ఎందుకు జరగడం లేదని అడిగి, దానికి డబ్బు కూడా ఇచ్చాడు. ఒకనాడు అల్ అజ్‌హర్ ప్రధాన షేఖ్ అబ్దుల్లాహ్ షర్ఖావీ భుజాన ఫ్రెంచి జెండా రంగుల శాలువా కప్పబోతే, ఆయన దాన్ని నేలమీదకు విసిరికొట్టారు. శాలువా ఎవరు ఎందుకు కప్పుతున్నారో ఆ పెద్దాయనకు తెలియనిది కాదు.

అల్ అజ్‌హర్‌కు దక్షిణాన ఎత్తయిన గుట్టమీద సలాహుద్దీన్ కోట ఉంది. ఆ గోడల దగ్గర నిలబడితే పాత నగరపు మీనార్లన్నీ కనిపిస్తాయి. 1798 అక్టోబరులో ఫిరంగులు చూసిన దృశ్యమూ ఇదే. ఇళ్ళమీదా ఆస్తులమీదా వేసిన కొత్త సుంకాలు భరించలేక అక్టోబరు 21న ప్రజలు తిరగబడ్డారు. మరునాడు ఈ ఎత్తుల నుండి అల్ అజ్‌హర్ పైనా, చుట్టుపక్కల పేటలపైనా ఫిరంగి గుండ్లు కురిశాయి. తరువాత సైనికులు గుర్రాలతోనే మస్జిద్‌లో చొరబడ్డారు. ఖిబ్లా వైపున గుర్రాలను కట్టివేశారు. దీపాలు పగులగొట్టారు. విద్యార్థుల గదులు దోచుకున్నారు. గ్రంథాలనూ ఖుర్‌ఆన్ ప్రతులనూ నేలపాలు చేశారు. తిరుగుబాటుకు బాధ్యులని కొందరు షేఖులను చంపించారు. ఖుర్‌ఆన్‌ను గౌరవిస్తున్నానన్న ప్రకటన వెలువడి నాలుగు నెలలు కూడా గడవలేదు.

ఇదంతా పరాయివాడి కపటమేనని సరిపెట్టుకుంటే పాఠం సగమే అవుతుంది. మిగతా సగం ఫుస్తాత్‌లోని అమ్ర్ బిన్ ఆస్ మస్జిద్‌లో దొరుకుతుంది. ఆఫ్రికా ఖండంలోనే మొదటిదిగా పేరొందిన ఈ మస్జిద్‌ను ఫ్రెంచివారు రావడానికి కొద్దికాలం ముందు మమ్లూక్ పాలకుడు మురాద్ బేగ్ తిరిగి కట్టించాడు. ప్రజలను పన్నులతో పీల్చి పిప్పిచేసినవాడు కూడా ఇతడే. ఇంబాబాలో ఓడి పారిపోయి, 1800లో ఫ్రెంచివారితోనే ఒప్పందం చేసుకుని, వారి తరఫున ఎగువ ఈజిప్టును ఏలాడు. మస్జిద్ కట్టించాడు గదా అని అన్యాయం న్యాయమైపోదు. మదీనాలో కపట విశ్వాసులు దురుద్దేశంతో కట్టిన మస్జిదె జిరార్ గురించి తౌబా సూరా హెచ్చరించింది ఇందుకే గదా!

ఆ రోజులలో ఈ ఆట మన గడ్డమీద కూడా నడిచింది. 1799 జనవరిలో నెపోలియన్ కైరో నుండి టిపూ సుల్తాన్‌కు స్నేహహస్తం చాస్తూ లేఖ వ్రాశాడు. ఇటు బ్రిటిష్ గవర్నర్ జనరల్ వెల్లెస్లీ, ఫ్రెంచివారు ఇస్లాం శత్రువులనీ, వారిని నమ్మవద్దనీ ఉస్మానీ సుల్తాన్ సలీం వ్రాసిన లేఖను అదే టిపూకు పంపాడు. ఆ లేఖ పంపినవాడే కొద్ది నెలల్లో శ్రీరంగపట్నంపైకి సేనలను నడిపాడు. హైదరాబాద్ నిజాం సైన్యం కూడా ఆ సేనల వెంట ఉంది. మే 4న టిపూ వీరమరణం పొందాడు.

ఇక పోపు పీఠాన్ని కూలదోశానన్న నెపోలియన్ 1801లో అదే పీఠంతో ఒప్పందం చేసుకున్నాడు. 1804లో తన పట్టాభిషేకానికి పోపును పారిస్‌కు రప్పించుకున్నాడు. ఏ ఊళ్ళో ఏ మతం అక్కరకు వస్తే ఆ ఊళ్ళో ఆ మాట!

అతని ప్రకటనను ఆనాడే పంక్తి పంక్తిగా విడదీసి చూపిన పండితుడు ఒకరున్నారు. ఆయన కైరో చరిత్రకారుడు అబ్దుర్రహ్మాన్ జబర్తీ. ప్రకటనలోని భాషా దోషాలనూ, భావ దోషాలనూ రెండింటినీ ఎత్తి చూపారు. అయినా ఆయన కలం ఒక పక్షానికి అమ్ముడుపోలేదు. మమ్లూకుల దౌర్జన్యాన్నీ నిర్భయంగా వ్రాశారు. ఫ్రెంచివారి గ్రంథాలయాన్నీ, విద్యాసక్తినీ మెచ్చుకున్నారు. మనవాడైతే ఒక తూకం, పరాయివాడైతే ఒక తూకం ఆయన దగ్గర లేదు.

ఎన్నికలు వచ్చాయంటే మన వీధుల్లోనూ ఇలాంటి మాటలు వినిపిస్తాయి. ఇఫ్తార్ విందులో టోపీ పెట్టుకునే నాయకుడు, మరో సభలో మరో వేషం వేసే నాయకుడు, మన సమాజం పేరే చెప్పి తన పదవిని కాపాడుకునే నాయకుడు, ముగ్గురూ మనకు తెలిసినవారే. కపటికి మూడు గుర్తులున్నాయని దైవప్రవక్త (స) నేర్పారు: మాట్లాడితే అబద్ధమాడతాడు, మాట ఇస్తే తప్పుతాడు, అమానతు అప్పగిస్తే ద్రోహం చేస్తాడు. ఈ మూడూ పెదవులను గాక పనులను చూసి తెలుసుకునే గుర్తులే. అందుచేత సలాం చెబుతూ గుమ్మంలోకి వచ్చిన అభ్యర్థికి మర్యాదగా జవాబిచ్చి కూర్చోబెడదాం. గత ఐదేళ్ళలో బడికీ, ఆసుపత్రికీ, నీళ్ళకూ ఇచ్చిన మాట ఏమైందో, ప్రజల సొమ్ముకు లెక్క ఏమిటో అడుగుదాం. అతడిచ్చిన కరపత్రాన్ని పిల్లల చేత చివరి పంక్తి వరకూ చదివిద్దాం.